బావల తోటలో దొంగ మహారాజు

హేలాపురి కోట ఎంత గొప్పదో చెప్పడానికి ఆస్థానంలో కవుల దండు ఒకటి ఉంది. వాళ్ళు చెప్పేదాన్ని బట్టి ఆ కోట బురుజులు మేఘాలను ఒరుసుకుంటాయి. రాణివాసపు గవాక్షాల్లో మెరిసే ముఖాలను చంద్రబింబాలనుకొని చకోరాలు వచ్చి రెక్కలతో తలుపులు తడతాయి. సింహద్వారం మీది బంగారు తాపడానికి తగిలిన ఎండ తిరిగి వెళ్ళి సూర్యుడి కళ్ళలోనే పడితే, ఆయన కాసేపు రథం ఆపి కళ్ళు నులుముకుంటాడు. నిజానికి బురుజుల మీద వాలేవి పావురాలు, వాటి పని అవి చేసుకుపోతాయి. తాపడం బంగారం కాదు, ఇత్తడి. పండగ వచ్చిందంటే చింతపండు పెట్టి తోమిస్తారు. ఈ సంగతి కవులకూ తెలుసు. కాని చింతపండు మీద పద్యం చెబితే శాలువా ఎవరూ కప్పరు.

ఆ కోట గోడను ఆనుకొని తూర్పున ఒక తోట ఉంది. దాని మీద ఏ కవీ పద్యం చెప్పలేదు, ఎందుకంటే అది రాజుగారిది కాదు, ఊరివాళ్ళది. పొగడచెట్లు, సురపొన్నలు, మొగలిపొదలు, బాట పొడుగునా ద్రాక్షపందిళ్ళు. నాలుగు బాటలూ కలిసేచోట ఒక రాతి ఏనుగు తొండమెత్తి రాత్రింబగళ్ళు నీళ్ళు చిమ్ముతుంది. ఆ తుంపరలో ఎండపొద్దున ఇంద్రధనుస్సు విరుస్తుంది. దాని కింద ఊళ్ళోని ముసలివాళ్ళు కూర్చుని పక్కింటివాళ్ళ గుట్టు విప్పుతారు.

ఇప్పటి మహారాజు ఘనప్రతాపుడి ముత్తాత చిరంతనుడనే ఆయన ఆ తోట వేయించాడు. ఆయనొకసారి మారువేషంలో తిరుగుతూ దాహంతో ఒక దోసపాదు గట్టున కూలబడితే, పాదువాడెవడో దోసకాయ విరిచి సగం చేతికిచ్చి, "తిను బావా" అన్నాడట. పుట్టిన దగ్గర్నుంచి దేవరా, ప్రభూ తప్ప మరో పిలుపు ఎరగని చిరంతనుడు ఆ దోసకాయ తింటూ ఏడ్చాడు. మర్నాడే కోట పక్కన తోటకు పునాది వేయించి, ద్వారం మీద శాసనం చెక్కించాడు. ఈ గోడ లోపల రాజు లేడు, బంటు లేడు. మగవాళ్ళంతా బావలు, ఆడవాళ్ళంతా వదినలు. లోపల బిరుదు పలికినవాడు పొద్దుగూకేదాకా కావడి మోసి చెట్లకు నీళ్ళు పోయాలి.

ఈ పద్ధతి పొగడచెట్టు మీద కాపురమున్న ఒక యక్షిణికి తెగ నచ్చి, శాసనానికి తన వాక్కు కూడా కలిపింది. ఆ తోటలో వరుస కలిపి పలికినవాడి మీద ఏ వేషమూ నిలవదు. బావ, వదిన అన్నా వేషం రాలుతుంది గాని, ఆ మాటలు అందరివీ కాబట్టి వరుస అంటుకోదు. వేరే వరుస ఏదైనా ఒకరు పలికి, ఎదుటివాళ్ళు ఊఁ అన్నారా, అది అంటుకుంటుంది. బెల్లం కొట్టు వీరభట్టు గానుగాయన్ని నోరుజారి "మామా" అన్నాడు. గానుగాయన పరధ్యానంగా "ఊఁ" అన్నాడు. అంతే, మర్నాటికల్లా గానుగాయన కూతురు వీరభట్టు ఇంట్లో పొయ్యి రాజేస్తోంది. అందుకే హేలాపురిలో తల్లులు పిల్లలకు నిప్పు జోలికి వెళ్ళకు, నీటి జోలికి వెళ్ళకు అన్న తరువాత, తోటలో నోరు జాగ్రత్త అని కూడా చెబుతారు.

ఘనప్రతాప మహారాజు పుట్టాక ఒక్కసారీ ఆ తోటలో కాలు పెట్టలేదు. ఆయన బిరుదులన్నీ వంది మాగధులు చదివి ముగించేసరికి న్యాయం కోసం వచ్చినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి భోంచేసి వస్తారు. అలాంటి మనిషిని చెప్పులు కుట్టేవాడు "ఏం బావా" అంటే ప్రాణం నిలుస్తుందా? అందుకని కోటలో తూర్పు కిటికీలన్నీ మూయించి హాయిగా ఉన్నాడు.

అలాంటి మహారాజు ఉన్నట్టుండి నిన్న సాయంత్రం తోటలోకి నడిచి వచ్చాడు. ద్వారం పక్క చలివేంద్రంలో మజ్జిగ పోసే చెంగల్వ అందరికీ పోసినట్టే ఆయనకూ ముంత నింపి, "తాగు బావా" అంది. ఆయన పలకలేదు, తాగలేదు. చెంగల్వ ఆయన ముఖం చూసి, నేల మీద ఆయన నీడ చూసి, "ముఖం మహారాజుదే గాని నీ నీడకు జడలెందుకున్నాయి బావా?" అని అడిగింది. ఊరుకోవడం ఆవిడ జాతకంలో లేదు. ఆయన ఆమెను వెంటబెట్టుకొని, చూపిస్తా రమ్మని, రాతి ఏనుగు దాకా తీసుకువెళ్ళాడు. పెదవులు కదిలాయి. చెంగల్వ ఉన్నచోట పూలతో విరగబూసిన సంపెంగచెట్టు ఒకటి నిలబడింది.

ఇదంతా మొగలిపొద వెనుక కూర్చుని సీతాఫలం తింటున్న చెంగల్వ తమ్ముడు కొమ్మన కళ్ళారా చూశాడు. నోట్లో గింజ మింగేసింది కూడా తెలియలేదు. అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచింది అక్కే. మజ్జిగ అమ్మకుండా ఉత్తినే పోసినా, ఇంట్లో వాడికి మాత్రం మీగడ దాచేది అక్కే.

కొమ్మన పగటివేషగాడు. పొద్దున సోమయాజులు, మధ్యాహ్నం కోమటి, సాయంత్రం అర్ధనారీశ్వరుడు. ఏ వేషమైనా అతికినట్టుంటుంది, ఒక్క తోటలో తప్ప. ఒకసారి శివుడి వేషంలో తోటలోకి వెళ్ళి, ఎవడో తెలిసినవాడు ఎదురైతే "బాగున్నావా బావా" అని పలకరించేశాడు. జటాజూటం, చంద్రవంక, పులితోలు, పాము ఒక్క క్షణంలో నేల రాలాయి. పరమేశ్వరుడు గోచీతో మిగిలాడు. అప్పటినుంచి వేషం వేసుకొని తోటలోకి పోతే నోటికి తాళం వేసుకుంటాడు.

రాత్రికి రాత్రే దండోరా పడింది. తోట చెట్లన్నీ మర్నాడు పొద్దుగూకేలోగా కొట్టించి, అక్కడ విలాసమందిరం కట్టించాలని మహారాజు ఆజ్ఞ. కొమ్మనకు సంగతి అర్థమయింది. మహారాజు రూపం దొంగిలించినవాడు ఎవడైనా, వాడు ఈ రాజ్యంలో భయపడవలసిన చోటు అదొక్కటే. తోట పోతే యక్షిణి వాక్కు పోతుంది, ఇక వాడి వేషాన్ని దించేవాడుండడు. తోటతో పాటు అక్క కూడా గొడ్డలికి పోతుంది. కొమ్మన వీధుల వెంట పరిగెత్తి కనబడినవాడికల్లా చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. "కథ భలే ఉందిరా. ఎప్పుడు ఆడుతున్నావు?" అన్నారు. వేషగాడి మాటకు ఊళ్ళో ఉన్న విలువ అది.

పొద్దున్నే కొమ్మన జ్యోతిష్కుడి వేషంలో సభలో నిలబడ్డాడు. నాభి దాకా తెల్లగడ్డం, నుదుట విభూతి, చంకలో తాటాకుల కట్ట.

"ప్రభువులకు జయమగు గాక. ఈవేళ పొద్దుగూకేలోపల ఈ పురంలో చెట్టు మీద గొడ్డలి పడితే పిశాచాలు లేచి కోట చుట్టూ తిరుగుతాయి. గ్రహాలు స్పష్టంగా చెబుతున్నాయి."

సింహాసనం మీది మహారాజు ముందుకు వంగాడు. "ఏ జాతి పిశాచాలు?"

"కొరివిదయ్యాలు, ప్రభూ."

"అంతేనా? బ్రహ్మరాక్షసులు రారా?"

ఆ ముఖంలో కనిపించిన నిరుత్సాహం చూసి కొమ్మన ఒక అడుగు వెనక్కి వేశాడు. దయ్యాలంటే బెదరడానికి ఎదురుగా ఉన్నది రాజా? మహారాజు చిరునవ్వు నవ్వి, "ఒక్కమాట సిద్ధాంతిగారూ. మీ గడ్డానికి రాసిన తుమ్మజిగురు ఇంకా ఆరినట్టు లేదు" అన్నాడు. తరువాత భటులవైపు చూశాడు.

కొమ్మన తాటాకులు వాళ్ళ ముఖాన విసిరి పరిగెత్తాడు. సభామండపం దాటి నాట్యశాలలో దూరితే, అక్కడ రాజనర్తకి గజ్జె కట్టుకుంటోంది. ఆవిడ అరిచిన అరుపుకు మద్దెలవాడు తాళం తప్పకుండా ఒక ముక్తాయింపు వాయించాడు. అక్కణ్ణుంచి మెట్లు, మెట్ల పైన మిద్దె, మిద్దె మీద పావురాలగూళ్ళు. పావురాలు ఒక్కసారిగా లేచి భటుల శిరస్త్రాణాల మీద తమ అభిప్రాయం వదిలి వెళ్ళాయి. ఎదురుగా బురుజు అంచు, వెనక బల్లేలు. కొమ్మన కళ్ళు మూసుకొని అగడ్తలోకి దూకాడు.

అగడ్తలో వేయి మొసళ్ళున్నాయని కవులు రాశారు. ఉన్నది ఒక్కటే. కాని దానికి వేయింటి ఆకలి ఉంది, రాజుగారి పొదుపు వల్ల. అది నోరు తెరుచుకొని వచ్చేసరికి కొమ్మన చేతికందిన ఆయుధం తన గడ్డమే. పీకి దాని నోట్లో కుక్కాడు. మొసలి ఆబగా పళ్ళు బిగించింది. తడి తగిలిన తుమ్మజిగురు సాగి, సాగి, దాని పై దవడను కింది దవడకు ఒక పద్ధతిగా అతికించింది. ఆ మహాజంతువు నోరు తెరవలేక, ముక్కుతో నిట్టూర్చి, కొమ్మనవైపు ఎంతో బాధగా చూసింది. వాడు దాని వీపు మీద కాలు పెట్టి అవతలి గట్టెక్కి, గోడకు అల్లుకున్న మాలతీలత పట్టుకొని తోటలోకి దిగాడు.

అక్క చలివేంద్రం వెనుకే వాడి వేషాల పెట్టె ఉంది. మజ్జిగకుండ మీద మూత పెట్టేవాళ్ళు లేక ఈగలు ముసురుతున్నాయి. కొమ్మన ముందు వాటిని తోలాడు. కుండ మీద మూత పెట్టి, పెట్టెలోంచి చేతికి వచ్చిన వేషం తీశాడు. చమ్కీల అంగరఖా, నెమలిపింఛాల తలపాగా, గుడ్డలు కూరిన బొజ్జ. మరుభూమి చక్రవర్తి రాయబారి తయారయ్యాడు.

అప్పటికే పడమటి కొస నుంచి గొడ్డళ్ళ చప్పుడు మొదలయింది. జనాన్ని బల్లేలతో బయటికి తోలేశారు. వాళ్ళు గోడ ఎక్కి కూర్చుని, తమ తోట పోతోందని ఏడుస్తూనే వేరుశనక్కాయలు తింటున్నారు. సురపొన్నలు కూలాయి, పందిళ్ళు కూలాయి. రాతి ఏనుగు పక్కన సంపెంగచెట్టు మాత్రం ఇంకా పూలు రాలుస్తూ నిలబడి ఉంది. దానికి ఎదురుగా ముత్యాల గొడుగు కింద దొంగ మహారాజు కూర్చున్నాడు. పక్కన మహామంత్రి సుబోధుడు నిలబడ్డాడు. ధర్మశాస్త్రం ఆయన నాలుక చివర ఉంటుంది, అక్కణ్ణుంచి లోపలికి ఎప్పుడూ దిగలేదు.

"మహారాజా, మరుభూమి రాయబారి దర్శనానికి వచ్చాడు" అన్నాడు సుబోధుడు. అనగానే నాలుక కరుచుకున్నాడు. గోడ మీద జనంలోంచి ఎవడో, "ఈ బావ బిరుదు పలికాడు, కావడి ఎత్తించండి" అన్నాడు. శాసనం అమల్లో ఉన్నంతకాలం శాసనమే కదా. మహామంత్రి పట్టుపంచె ఎగ్గట్టి, కావడి భుజాన వేసుకొని, రాతి ఏనుగు దగ్గర నీళ్ళు పట్టి, ఈ సాయంత్రానికి బతికుండని చెట్ల మొదళ్ళలో పోయడం మొదలుపెట్టాడు. "ఇది చట్టవిరుద్ధం కాదు, చట్టమే" అని తనకు తానే చెప్పుకుంటున్నాడు.

కొమ్మన వంగి నమస్కరించాడు. దొంగ మహారాజు నోట ఒక్క వరుస పలికిస్తే చాలు. "ఏమండీ, నన్ను పంపినవారు మీకు తమ కుమార్తెనిచ్చి పెళ్ళి చేయాలనుకుంటున్నారు. మా దేశాచారం ప్రకారం పిల్లనిచ్చినవాణ్ణి మీరు నోరారా పిలవాలి. ఆ పిలుపు మోసుకుపోవడానికే నేను వచ్చాను."

"పెళ్ళి వద్దు" అన్నాడు దొంగ మహారాజు.

"కట్నంగా మదపుటేనుగులున్నాయి."

"మేత దండగ."

"పిల్ల చాలా అందగత్తె."

"చూసేవాళ్ళు చూస్తారు." దొంగ మహారాజు ఆవులించాడు. "రాయబారిగారూ, మీరు వచ్చింది ఏ వరుస పలికిద్దామనో నాకు తెలుసు. ద్వారం మీది శాసనం చదవడం నాకూ వచ్చు. ఆ గడ్డంవాడి గొంతే మీదీ. ముందు ఈ సంపెంగను కొట్టించి, తరువాత మీ సంగతి తీరిగ్గా చూస్తాను. నరకండిరా."

గొడ్డలివాడు చెట్టు మొదట్లో ఒక దెబ్బ వేశాడు. బెరడు చీలి, నెత్తురు కాదు, పల్చగా, తెల్లగా మజ్జిగ కారింది. చెట్టు మొత్తం ఒక్కసారి జలదరించింది. పూలు రాలి కొమ్మన తలపాగా మీద పడ్డాయి. గొడ్డలివాడు జంకి వెనక్కి చూశాడు. దొంగ మహారాజు మళ్ళీ చెయ్యి ఊపాడు.

ఇక ఆ వేషగాడికి ఉపాయాలు అయిపోయాయి. ఉపాయాలు అయిపోయినప్పుడు మనిషికి మిగిలేది నోరొక్కటే. ఎదుటివాణ్ణి పిలిపించలేకపోతే తనే పిలిచి తీరాలి. వాడు కాదనడానికైనా ఏదో ఒక వరుస పలకకపోతాడా అనుకున్నాడు. దానివల్ల ఆ ముఖానికి చెల్లెలంటూ ఒకతి ఉంటే, ఆమె తన మెడకు చుట్టుకుంటుందని కూడా వాడికి తెలుసు. అన్న ముఖం చూస్తే చెల్లెలి సౌందర్యం ఊహించుకోవడం కష్టం కాదు. అక్క కోసం భరిద్దామని గుండె దిటవు చేసుకున్నాడు.

"ఒరేయ్ బావమరిదీ, ఆగరా" అన్నాడు.

పలికినవాడి వేషం ముందు పోయింది. పింఛాలు ఎగిరిపోయాయి, అంగరఖా జారిపోయింది, బొజ్జ ఊడి పాదాల మీద పడింది. మరుభూమి రాయబారి గోచీతో నిలబడ్డాడు. గోడ మీద వేరుశనక్కాయలు నములుతున్న నోళ్ళు ఆగిపోయాయి. కావడి మోస్తున్న మహామంత్రి ఉన్నచోటే నీళ్ళన్నీ కాళ్ళ మీద పోసుకున్నాడు.

బావమరిది అన్న మాట హేలాపురిలో చాలా దూరం పోతుంది. అన్నవాడు నీ తోబుట్టువుకు మొగుణ్ణంటున్నాడన్నమాట. ఆ మాట పడి నెమ్మదిగా నవ్వినవాడు ఆ రాజ్యంలో ఇంతవరకు పుట్టలేదు. ఏనుగులకు లొంగనివాడు, అందగత్తెలకు ఆవులించినవాడు, ఇనుప గుండె కట్టుకొని రాజ్యాన్నే దొంగిలించినవాడు, ఆ ఒక్క మాటకు గొడుగు తన్ని లేచాడు. వాడూ ఈ నేల మీద పుట్టినవాడే.

"ఎవడికిరా బావమరిది? నీకు అక్కంటూ ఉంటే దాని మొగుణ్ణిరా నేను. నువ్వే నాకు బావమరిదివి."

"అలాగే బావా" అన్నాడు కొమ్మన చల్లగా.

అప్పుడు గాని దొంగ మహారాజుకు తాను ఏమన్నాడో తెలియలేదు. కిరీటం పగిలిపోయింది. పట్టువస్త్రాల్లోంచి పొగ లేచింది. ఘనప్రతాప మహారాజు బొద్దు ముఖం మైనంలా కరిగి, దాని వెనుక నుంచి ఎముకలు తేలిన నల్లని ముఖం, నేల మీద ఈడుస్తున్న పొగరంగు జడలు, నడుముకు జింకతోలు బయటపడ్డాయి. గోడ మీది ముసలివాళ్ళు వాణ్ణి వెంటనే గుర్తుపట్టారు. వెనకటికి రాజ్యం నుంచి తరిమేసిన ధూమ్రజటి మాంత్రికుడు. భటులు బల్లేలు వాడివైపు తిప్పారు, తమకు మొదటినుంచీ అనుమానంగానే ఉందని ఒకరితో ఒకరు చెప్పుకుంటూ.

"మహారాజుగారేరి?" అని అరిచాడు సుబోధుడు. ఆ బిరుదుకు మరో రోజు కావడి రాసిపెట్టి ఉందని కూడా ఆలోచించలేదు.

"నా గుహలో గబ్బిలమై వేలాడుతున్నాడు. తల కిందులుగా ఉన్నా పాలనలో తేడా ఏమీ రాలేదుగా" అన్నాడు ధూమ్రజటి.

కొమ్మన ఆ మాటలు వినలేదు. సంపెంగచెట్టు వైపు పరిగెత్తాడు. మాంత్రికుడి వేషంతో పాటు తోటలో వాడు చేసిన మాయా వీడింది. బెరడు రవికెలా విచ్చుకుంది, కొమ్మలు చేతులయ్యాయి, పూలన్నీ ఒక్కచోటికి చేరి జడగా అల్లుకున్నాయి. చెంగల్వ నిలబడింది, చీలమండ దగ్గర చిన్న గాయంతో. కొమ్మన ఆమె కాళ్ళు పట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే ఆ పాదాలకు పసుపు ఉండటం చూశాడు. తలెత్తాడు. మెడలో తాళి ఉంది. చీర కొంగు చివర ఒక జింకతోలు అంచుతో కలిసి గట్టి ముడి పడి ఉంది.

తోటలో పలికిన వరుస అంటుకుంది. బెల్లం కొట్టు వీరభట్టు గోడ మీద నుంచి జాలిగా తల ఊపాడు.

చెంగల్వ ముడినీ, ముడి అవతల ఉన్న పెళ్ళికొడుకునూ, తమ్ముణ్ణీ తీరిగ్గా చూసింది. "ఒరేయ్ కొమ్మా. ఇన్నాళ్ళూ వచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టావు. ఒకడు పొట్టి, ఒకడు నలుపు, ఒకడికి ఎత్తుపళ్ళు. చివరికి నువ్వు వెతికి తెచ్చినది ఇదా?"

"అక్కా, వాడి చెల్లెల్ని నేను కట్టుకుందామనుకున్నాను గాని..."

"నాకు చెల్లెలు లేదు" అన్నాడు ధూమ్రజటి. ఆ గొంతులో కోపం ఎంతుందో కంగారు కూడా అంతే ఉంది. బ్రహ్మచర్యం మీద ఆధారపడిన మంత్రాలు కొన్ని అప్పుడే వాడి నాలుక మీద నుంచి జారిపోతున్నట్టున్నాయి. వేలు చూపించి ఏదో గొణిగితే భటుల బల్లేలు పాములు కావలసినవి పొట్లకాయలయ్యాయి. వాడు తన వేలు తనే వింతగా చూసుకున్నాడు. ఇక నిలబడలేదు. మిగిలిన మంత్రమేదో ఉఫ్‌మని ఊది, నల్లని పొగ మీద పైకి లేచాడు.

"ముడి విప్పెయ్ అక్కా" అని అరిచాడు కొమ్మన.

చెంగల్వ వేళ్ళు ముడి మీదే ఉన్నాయి. విప్పడానికి ఒక క్షణం చాలు. ఆవిడ దాన్ని ఇంకో చుట్టు బిగించింది. "విప్పితే వీడు పోతాడు, వీడితో రాజూ పోతాడు. కొత్తకోడలికి ఇల్లంతా చూపించాలిగా. గబ్బిలాలు ఏ మూల ఉన్నాయో నేను చూసుకుంటా" అంది. పొగ ఆమెను కూడా లేవదీసింది. తోట గాలిలో పసుపు పాదాలు రాతి ఏనుగు తొండాన్ని దాటి పైకి పోయాయి.

అక్కను కాపాడబోయి అక్కను అప్పగించానని కొమ్మనకు గుండె మండిపోయింది. పెళ్ళికూతురి వెంట తోబుట్టువు వెళ్ళడం లోకాచారం. గోచీ బిగించి రాతి ఏనుగు వీపెక్కి, తొండం మీదుగా పరిగెత్తి, చివరి నుంచి ఎగిరి దూకాడు. చేతికి జింకతోలు అందలేదు. వేలాడుతున్న పొగరంగు జడ ఒకటి అందింది. ధూమ్రజటి కెవ్వున అరిచాడు. మహామంత్రి కింద నుంచి, "ప్రభుత్వం తరఫున శుభం" అని దీవించాడు.

తోట చిన్నదయింది. గోడ మీది జనం వేరుశనక్కాయలంత అయ్యారు. కోట బురుజులు కాళ్ళ కిందికి వచ్చేశాయి, మేఘాలు ఇంకా చాలా పైన ఉన్నాయి. గాలి చెవుల్లో హోరుమంటోంది.

చెంగల్వ కిందికి చూసి, "వచ్చావా? సారె ఏదిరా?" అంది.

"కట్టుకోవడానికే గుడ్డ లేదక్కా."

ధూమ్రజటి వెనక్కి తిరిగి పళ్ళు బయటపెట్టి నవ్వాడు. "బావమరిదికి నా జుట్టు మీద మోజు పడినట్టుంది. కాదనడం మర్యాద కాదు, ఉంచుకో." పెదవులు కదిలాయి. కొమ్మన పట్టుకున్న జడ వాడి తల నుంచి తెగి, వేళ్ళలో పొగయిపోయింది.

కొమ్మన పడిపోయాడు. మోచేయి దగ్గర ఏదో గట్టిగా బిగిసింది. అక్క చెయ్యి. ఆమె ఒక చేత్తో ముడి పట్టుకొని, రెండో చేత్తో తమ్ముణ్ణి పట్టుకొని, పళ్ళు బిగించి వేలాడుతోంది. ఇద్దరి బరువూ ఇప్పుడు ఆ కొంగు మీదే ఉంది.

"నన్ను వదిలెయ్ అక్కా."

"నోరుముయ్యి. నిన్నెందుకు పెంచానురా, వదిలెయ్యడానికా?"

చెయ్యి వదల్లేదు. ముడి కూడా వదల్లేదు. కాని అక్క కట్టుకున్నది పాతచీర. కొత్తది తెస్తానని కొమ్మన పండగ పండక్కీ చెబుతూనే ఉన్నాడు, అక్క ఊఁ అంటూనే ఉంది. వాడి తల పైన కొంగు పర్రున చిరగడం మొదలుపెట్టింది.